కొత్త హై-రెజ్ ప్లేయర్ చేతికొచ్చిందా? మొదటి వారం ఈ పనులు చేయండి

అరచేతిలో ఇమిడిపోయే మ్యూజిక్ ప్లేయర్, సీడీ కంటే సూక్ష్మంగా రికార్డ్ చేసిన హై-రెజ్ ఫైళ్లని కూడా పాడేది. ఫోన్ కంటే చిన్నదే, పట్టుకుంటే మాత్రం బరువుగా, చల్లగా తగులుతుంది. డబ్బాలోంచి తీయగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే: ఇయర్‌ఫోన్స్ గుచ్చేసి, బాగా తెలిసిన పాట పెట్టి, ఫోన్‌లో విన్నదానికీ దీనికీ తేడా ఎక్కడుందా అని వెతకడం. అది వెంటనే దొరక్కపోతే టెన్షన్ మొదలవుతుంది, సెట్టింగ్స్ అన్నీ కెలికేస్తాం, రెండో రోజుకి ఏది ఆన్‌లో ఉందో ఏది ఆఫ్‌లో ఉందో మనకే గుర్తుండదు. నా మొదటి ప్లేయర్‌తో నాకు ఇలాగే అయింది. నెల తర్వాత కూర్చుని ఒక్కొక్కటే సరిచూసుకుంటే అసలు సంగతి తేలింది. ప్లేయర్ బ్రహ్మాండంగా ఉంది, ఇయర్‌ఫోన్ రబ్బరు టిప్ నా చెవికి చిన్నదైంది, గెయిన్ (యాంప్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) హైలో ఉంది, పాటల్లో సగం పాత ఎంపీ3లు. ఆ నెల రోజులు మీకు వృథా కాకుండా, ఏ పని ముందు ఏ పని తర్వాత చేయాలో రాస్తున్నాను.

మొదట చెవి సంగతి

ప్లేయర్ సెట్టింగ్స్ ముట్టుకోకముందే ఇయర్‌ఫోన్ టిప్స్ సంగతి తేల్చుకోండి. చెవి లోపలికి దూరే ఇయర్‌ఫోన్స్, అంటే ఐఈఎంలు, గాలి చొరబడకుండా మూసుకుంటేనే బేస్ సరిగ్గా ఇస్తాయి. వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, కింది స్థాయి శబ్దమంతా అక్కడి నుంచి జారిపోతుంది, మనమేమో ప్లేయర్ పల్చగా పాడుతోందని దాన్ని తిడుతూ కూర్చుంటాం. పరీక్ష చాలా సులువు. డబుల్ బేస్ గానీ పెద్ద డ్రమ్ గానీ స్పష్టంగా వినబడే పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ పెరిగి, వేలు తీయగానే తగ్గిపోతుంటే టిప్ సైజు తప్పన్నమాట. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని లేదు, నాకు కుడివైపు మీడియం, ఎడమవైపు లార్జ్. ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా ఇంకో ఖరీదైన ప్లేయర్‌కి మారినా రాదని గట్టిగా చెప్పగలను.

పవర్, గెయిన్, సుయ్‌మనే శబ్దం

ప్లేయర్ల వివరాల్లో డాక్ చిప్ (ఫైల్‌లోని అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చేది) పేరే అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈఎస్ఎస్ వాళ్లదా, ఏకేఎమ్ వాళ్లదా, సిరస్ లాజిక్‌దా, లేకపోతే రెసిస్టర్లని నిచ్చెనలా పేర్చి కట్టిన ఆర్-2ఆర్ రకమా అని జనం గంటల తరబడి వాదించుకుంటారు. నా మట్టుకు నాకు అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. చిప్ తర్వాత వచ్చే యాంప్లిఫయర్ మీ ఇయర్‌ఫోన్‌తో ఎలా కుదురుతుంది అన్నదే మొదటి ప్రశ్న, దానికి రెండు మూడు చిన్న లెక్కలు వేసుకుంటే చాలు.

ఒక ప్లేయర్‌కి 32 ఓమ్స్ దగ్గర 100 మిల్లీవాట్లు అని రాసి ఉందనుకోండి (ఓమ్స్ అంటే ఇయర్‌ఫోన్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత, ఆ అడ్డునే ఇంపెడెన్స్ అంటారు). అంటే అది ఇవ్వగలిగే వోల్టేజ్ సుమారు 1.8 వోల్టులు. అదే వోల్టేజ్ 300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి వెళ్తే అందేది 11 మిల్లీవాట్లు కూడా ఉండదు. అందుకే మిల్లీవాట్ల అంకె చూసి మురిసిపోకుండా, మీ హెడ్‌ఫోన్‌కి కావలసింది ఎంతో చూడండి. ఉదాహరణకి సెన్‌హైజర్ హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ 300 ఓమ్స్, 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్ పలుకుతుంది. ఆర్కెస్ట్రా ఒక్కసారిగా ఉరిమినప్పుడు శిఖరాలు 110 డెసిబెల్స్ దాకా వెళ్లాలంటే దానికి సుమారు 2.24 వోల్టులు కావాలి. 1.8 వోల్టుల ప్లేయర్‌తో అది పాడదని కాదు, మామూలుగా బాగానే పాడుతుంది, పెద్ద ఘట్టాలు వచ్చినప్పుడు మాత్రం కొంచెం ఊపిరి అందనట్టు ఉంటుంది.

ఐఈఎంల కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. 1 వోల్ట్‌కి 120 డెసిబెల్స్ పలికే సున్నితమైన ఐఈఎం తీసుకోండి. మీరు 70 డెసిబెల్స్ దగ్గర హాయిగా వింటున్నారంటే ప్లేయర్ ఇస్తున్నది వోల్ట్‌లో దాదాపు 300వ వంతు మాత్రమే. ఇలాంటి చోట పవర్ ఎంతుందన్న ప్రశ్నకి అర్థమే లేదు, ప్లేయర్ ఎంత నిశ్శబ్దంగా ఉందన్నదే ముఖ్యం. ప్లేయర్ సొంత నాయిస్ 10 మైక్రోవోల్టులు ఉన్నా ఈ ఐఈఎంలో అది 20 డెసిబెల్స్‌గా వినబడుతుంది, నిశ్శబ్దమైన గదిలో చెవికి తెలిసిపోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఇలా చూడండి: వాల్యూమ్ సున్నాకి దించి, పాట మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి వినండి. సుయ్‌మంటూ సన్నగా గాలి వీచినట్టు వినబడుతోందా? ఇప్పుడు పాజ్ నొక్కి పది పదిహేను సెకన్లు ఆగండి. చాలా ప్లేయర్లలో కొద్ది సెకన్లకి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చి ఆ సుయ్ కాస్తా మాయమవుతుంది, ఎందుకంటే యాంప్ నిద్రలోకి వెళ్లింది. అంటే మీకు వినబడింది పాటలోని నాయిస్ కాదు, ప్లేయర్‌దే. గెయిన్‌ని 'లో' (తక్కువ) స్థాయికి మార్చి మళ్లీ వినండి, చాలాసార్లు అక్కడితో సమస్య తీరిపోతుంది.

గెయిన్ విషయంలో నేను పాటించే పద్ధతి ఎప్పుడూ 'లో' స్థాయితో మొదలుపెట్టడమే. హాయిగా వినే స్థాయికి వాల్యూమ్ మూడొంతులు దాటాల్సి వస్తే మీడియం, అది కూడా చాలకపోతే హై. హైలో ఉంటే సౌండ్ కొట్టొచ్చినట్టు ఉంటుందని చాలామంది అంటారు గానీ, అది గట్టిగా ఉండటం వల్ల కలిగే భ్రమే, దీని గురించి కింద మళ్లీ చెప్తాను.

ఇంకో అంకె ఉంది, ఎవరూ చూడనిది: అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ప్లేయర్ సొంత ఇంపెడెన్స్. ఒకే ఐఈఎంలో బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం బుల్లి స్పీకర్లు (డ్రైవర్లు) చాలా ఉంటే దాని ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు, ఒకచోట 5 ఓమ్స్, మరోచోట 40 ఓమ్స్ ఉండొచ్చు. దీన్ని 10 ఓమ్స్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ప్లేయర్‌కి తగిలిస్తే ఆ రెండు చోట్ల మధ్య 7 డెసిబెల్స్‌కి పైగా కొత్త తేడా పుట్టుకొస్తుంది, అంటే ఐఈఎం తయారుచేసినవాళ్లు అనుకున్న సౌండ్ ఒకటి, మీరు వింటున్నది ఇంకొకటి. అదే 1 ఓమ్ ఉన్న ప్లేయర్‌తో అయితే తేడా 1.4 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదన్నది పాత లెక్క, అది ఈ రోజుకీ పనికొస్తుంది. ఇంకా కొనకుండా వెతుకుతున్నవాళ్లు చిప్ పేరు కంటే ముందు ఈ అంకె అడగండి.

ఏ రంధ్రంలో ఏది గుచ్చాలి

3.5 మిల్లీమీటర్ల మామూలు జాక్ అందరికీ తెలిసిందే. దాని పక్కన 4.4 మిల్లీమీటర్ల ఐదు పట్టీల జాక్ గానీ, కాస్త పాత ప్లేయర్లలో 2.5 మిల్లీమీటర్ల సన్న జాక్ గానీ ఉంటే అవి బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్లు. వీటిలో ఎడమ కుడి చానెల్స్‌కి గ్రౌండ్ ఉమ్మడిగా ఉండదు, రెండు వైపులా వేర్వేరు యాంప్‌లు లాగుతాయి. వోల్టేజ్ రెట్టింపు దాకా వస్తుంది, కాబట్టి బరువైన హెడ్‌ఫోన్లకి ఇది నిజంగా ఉపయోగమే. సున్నితమైన ఐఈఎంలకి మాత్రం చాలాసార్లు నాయిస్ పెరగడం, బ్యాటరీ త్వరగా అయిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు, 3.5తోనే వినండి, ఏమీ పోదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పకుండా గుర్తుపెట్టుకోండి. బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న ఇయర్‌ఫోన్‌ని అడాప్టర్‌తో 3.5 జాక్‌కి తగిలించొచ్చు, ఇబ్బంది లేదు. దానికి ఉల్టా పని, అంటే మూడు పట్టీల మామూలు పిన్నుని అడాప్టర్ పెట్టి బ్యాలెన్స్‌డ్ జాక్‌లో గుచ్చడం, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. రెండు చానెల్స్ నెగెటివ్ తీగలూ ఒకదానికొకటి కలిసిపోయి షార్ట్ అవుతాయి, యాంప్ కాలిపోవచ్చు. రెండోది లైన్ అవుట్, అంటే స్పీకర్లకో బయటి యాంప్‌కో పంపే అవుట్‌పుట్. చాలా ప్లేయర్లలో ఒకే జాక్ హెడ్‌ఫోన్‌కీ లైన్ అవుట్‌కీ పనిచేస్తుంది, మెనూలో మారుస్తాం. లైన్ అవుట్‌లో చాలావరకు వాల్యూమ్ బటన్ పనిచేయదు, సుమారు 2 వోల్టులు నేరుగా బయటికి వస్తాయి. ఇంట్లో స్పీకర్లకి తగిలించి, మరుసటి రోజు మర్చిపోయి అదే జాక్‌లో ఐఈఎం పెట్టుకున్నాను ఒకసారి. చెవిలో పిడుగు పడ్డట్టయింది, వెంటనే లాగేశాను గానీ సాయంత్రం దాకా చెవుల్లో గుయ్‌మంటూనే ఉంది. లెక్క వేస్తే 120 డెసిబెల్స్ ఐఈఎంకి 2 వోల్టులంటే 126 డెసిబెల్స్. అప్పటినుంచి స్పీకర్ల కేబుల్ తీసిన చేత్తోనే మెనూ కూడా మారుస్తున్నాను, ఏ ఇయర్‌ఫోన్ అయినా ముందు పాట మొదలుపెట్టి, దూరంగా పట్టుకుని విని, ఆ తర్వాతే చెవిలో పెడుతున్నాను.

ఫైళ్లు: అసలు పని ఇక్కడే

నూతిలో ఉంటేనే చేదలోకి వస్తుంది. రికార్డింగ్‌లో లేని వివరం ఏ ప్లేయర్ పుట్టించలేదు.

సీడీ అంటే శాంపుల్ రేట్ (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్నది) 44.1 కిలోహెర్ట్జ్, ఒక్కో కొలత 16 బిట్, మొత్తం సెకనుకి 1,411 కిలోబిట్లు. ఇది శాంపుల్ రేట్‌లో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టుకుంటుంది, మనిషి చెవి మహా అయితే 20 దాకా, వయసు పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. 16 బిట్లకి దాదాపు 96 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్ (అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య తేడా) వస్తుంది. కాబట్టి హై-రెజ్ అని ముద్ర లేకపోయినా సీడీ నుంచి శుభ్రంగా తీసిన ఫ్లాక్ (నష్టం లేకుండా కుదించిన) ఫైల్ చాలా మంచి సరుకే. ఒక ఆల్బమ్ 24 బిట్ 192 కిలోహెర్ట్జ్‌లో దొరికినా, దాన్ని రీమాస్టర్ చేసినవాళ్లు (అంటే విడుదలకి ముందు శబ్దాన్ని చివరిగా సరిదిద్దే మాస్టరింగ్ పనిని మళ్లీ చేసినవాళ్లు) శబ్దమంతా పైకి నెట్టి గట్టిగా నలిపేసి ఉంటే, పాత సీడీయే ఎన్నో రెట్లు మేలు. నేనైతే ఫార్మాట్ చూసి కాదు, ఏ సంవత్సరపు మాస్టరింగ్ అన్నది చూసి వెతుకుతాను.

సొంత సీడీలు ఉంటే విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడి ఫ్లాక్‌లోకి తీసుకోండి. రెండూ మీరు తీసిన ట్రాక్‌ని యాక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో వేరేవాళ్లు తీసిన ఫలితాలతో పోల్చి చూస్తాయి, సరిపోతే ఎక్కడా బిట్ పోలేదని నమ్మకంగా ఉండొచ్చు. ఫ్లాక్ అంటే జిప్ లాంటిది, సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, విప్పినప్పుడు ఉన్నదున్నట్టు వస్తుంది. ఎక్కడో దొరికిన ఫ్లాక్ మీద అనుమానం ఉంటే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరవండి. బొమ్మలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనబడితే, ఎవరో 128 కిలోబిట్ల ఎంపీ3ని ఫ్లాక్ చొక్కా తొడిగి అమ్మేసి ఉండటానికే ఎక్కువ అవకాశం.

మైక్రో ఎస్‌డీ కార్డ్ మీద పిసినారితనం చూపించకండి. పెద్ద సైజు చవగ్గా దొరికిందంటే నకిలీ కావచ్చు, పైన 512 జీబీ అని ఉండి లోపల అందులో పదో వంతు కూడా ఉండదు, నిండేదాకా తెలియదు కూడా. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో గానీ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3తో గానీ కార్డ్ మొత్తం రాయించి మళ్లీ చదివించండి, గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఫార్మాట్ చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ మంచిది, ప్లేయర్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి. సీడీ నాణ్యత ఫ్లాక్ ఆల్బమ్ 400 ఎంబీ చొప్పున లెక్కేసుకున్నా 512 జీబీ కార్డ్‌లో వెయ్యికి పైగా ఆల్బమ్స్ పడతాయి. డీఎస్‌డీ అనే ఇంకో హై-రెజ్ రకం ఫైళ్లయితే గంటకి రెండున్నర జీబీ మింగేస్తాయి.

ఇక ట్యాగ్స్, అంటే ఫైల్‌లోనే రాసి ఉండే పాట, గాయకుడు, ఆల్బమ్ పేర్లు. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ప్లేయర్ రోజూ వాడాలనిపిస్తుందా లేదా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంటుంది. నా దగ్గర పద్నాలుగు మంది గాయకులు తలా ఒక పాట పాడిన ఆల్బమ్ ఒకటుంది. మొదటిసారి కార్డ్‌లో వేస్తే ప్లేయర్‌లో అది పద్నాలుగు ఆల్బమ్స్‌గా ముక్కలైపోయింది, ఒక్కో దాంట్లో ఒక్కటే పాట, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే వెనక్కి రావాలి, మళ్లీ వెతకాలి. కారణం ఒకే ఒక్క ఖాళీ గడి. ఆర్టిస్ట్ అని ఒక ట్యాగ్, ఆల్బమ్ ఆర్టిస్ట్ అని ఇంకో ట్యాగ్ ఉంటాయి, రెండోది ఖాళీగా ఉంటే ప్లేయర్ పాటకో గాయకుడి పేరు పట్టుకుని విడదీసేస్తుంది. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌లో పద్నాలుగు పాటలూ ఒకేసారి ఎంచుకుని ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో ఒకే పేరు రాసి సేవ్ చేస్తే, మళ్లీ స్కాన్ చేశాక అన్నీ ఒక్కచోటికి చేరాయి. రెండు సీడీల ఆల్బమ్స్‌కి డిస్క్ నంబర్ కూడా ఇవ్వండి, లేకపోతే మొదటి పాట రెండుసార్లు, రెండో పాట రెండుసార్లు అన్నట్టు కలగాపులగమైపోతుంది. వందల ఆల్బమ్స్ ఉంటే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ప్రోగ్రామ్ చాలా పని దానంతట అదే చేసిపెడుతుంది, అయినా ఒక కన్నేసి ఉంచండి, అప్పుడప్పుడు వేరే ఎడిషన్ పేరు తగిలించేస్తుంది.

కవర్ బొమ్మ కనబడకపోతే అది మరీ పెద్దదైనా అయ్యుండాలి, లేదా ప్రోగ్రెసివ్ రకం జేపెగ్ అయినా అయ్యుండాలి. చాలా చిన్న ప్లేయర్లు దాన్ని చదవలేవు, మామూలు బేస్‌లైన్ జేపెగ్‌గా, 600 పిక్సెల్స్ సైజులో మళ్లీ సేవ్ చేసి పెట్టండి. మ్యాక్ నుంచి కాపీ చేశాక ప్రతి పాటకీ పాడని నకలు ఒకటి కనబడుతోందంటే, అవి చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దాగిన ఫైళ్లు, టెర్మినల్‌లో డాట్‌క్లీన్ (dot_clean -m) అనే కమాండ్ వాటిని తుడిచేస్తుంది. పేర్ల స్థానంలో డబ్బాలు కనిపిస్తే ఆ లిపికి ప్లేయర్‌లో ఫాంట్ లేదన్నమాట, ఆండ్రాయిడ్ కాని బుల్లి ప్లేయర్లలో ఇది మామూలే.

సెట్టింగ్స్‌లో ఏవి మార్చాలి, ఏవి వదిలేయాలి

గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. లైవ్ కచేరీ రికార్డింగ్‌లో చప్పట్ల మధ్య అరసెకను నిశ్శబ్దం పడితే ఆ మజా అంతా పోతుంది.

పాటలన్నిటి శబ్దస్థాయినీ సమం చేసే రీప్లేగెయిన్ ఉంటే వాడండి. 1970ల నాటి ఆల్బమ్ తర్వాత నిన్నమొన్నటి పాట వస్తే ఉలిక్కిపడి వాల్యూమ్ తగ్గించే పని తప్పుతుంది. వేర్వేరు ఆల్బమ్స్ పాటలు కలిపి వింటే ట్రాక్ గెయిన్, ఆల్బమ్ మొత్తం వింటే ఆల్బమ్ గెయిన్. ఈ అంకెల్ని ముందే కంప్యూటర్‌లో, ఫూబార్2000 లాంటి ప్రోగ్రామ్‌తో ఫైళ్లలో రాసిపెట్టాలి, రాయకుండా ప్లేయర్‌లో ఆన్ చేసినంత మాత్రాన ఏమీ జరగదు.

ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ లాంటివి విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) వాడటం నామోషీ అనుకునేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మీ ఇయర్‌ఫోన్‌లో ఒక చోట ఎత్తు ఉండి చెవిని గుచ్చుతుంటే అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించడం ఎంతో తెలివైన పని. ఒక్కటే షరతు. ఎక్కడైనా 4 డెసిబెల్స్ పెంచితే, ప్రీయాంప్ (ఈక్వలైజర్‌లోనే ఉండే మొత్తం శబ్దస్థాయి మీట) కూడా 4 తగ్గించండి, లేకపోతే పెద్ద శబ్దాలు పైకప్పుకి తగిలి పగుళ్లు వస్తాయి. డీఎస్‌డీ పాడుతున్నప్పుడు చాలా ప్లేయర్లలో ఈక్వలైజర్ పనిచేయదు, అది చెడిపోవడం కాదు.

డిజిటల్ ఫిల్టర్లు, షార్ప్ రోల్-ఆఫ్, స్లో రోల్-ఆఫ్ అంటూ నాలుగైదు ఉంటాయి. తేడా ఉండేది చాలావరకు 20 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో. ఒకటి ఎంచుకుని మర్చిపోండి.

ఆండ్రాయిడ్ ప్లేయర్‌లో స్ట్రీమింగ్ యాప్స్ వాడితే ఒకసారి స్క్రీన్ మీద శాంపుల్ రేట్ గమనించండి. మామూలు ఆండ్రాయిడ్ తరచూ అన్ని శబ్దాల్నీ కలిపి 48 కిలోహెర్ట్జ్‌కి మార్చేస్తుంది, మంచి ప్లేయర్లు దాన్ని దాటవేస్తాయి. 44.1 పాటకి 44.1 అనే చూపిస్తే నిశ్చింత. బ్లూటూత్ విషయానికొస్తే ఎల్‌డీఏసీ అనే పద్ధతి పంపేది గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లే, నడుస్తూ వినడానికి చాలు.

తేడా ఉందా లేదా అని ఎలా వినాలి

ఇప్పుడు ఫోన్‌తోనో పాత ప్లేయర్‌తోనో పోల్చండి, కానీ వాల్యూమ్ రెండింట్లో సమానంగా ఉండాలి. అర డెసిబెల్ గట్టిగా ఉన్నది మనకి గట్టిగా ఉన్నట్టు అనిపించదు, ఇంకా స్పష్టంగా, ఇంకా విశాలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. గెయిన్ హై గురించి పైన అన్నది ఇదే. 1 కిలోహెర్ట్జ్ టెస్ట్ టోన్ రెండింట్లోనూ పాడించి, మల్టీమీటర్ ఉంటే ఏసీ వోల్టేజ్ సరిచూడండి. చవక మీటర్లు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర తప్పు చెప్పొచ్చు కాబట్టి వాటితో అయితే 200 హెర్ట్జ్ లోపు టోన్ వాడండి. తర్వాత వేరేవాళ్ల చేత, ఏది ఏదో మీకు చెప్పకుండా మార్పించుకుని వినండి. వినేటప్పుడు పాట మొత్తం కాకుండా ఒక్క చిన్న చోటు పట్టుకోండి. నేను వేలితో మీటిన తీగ శబ్దం చివర, అది గదిలో కరిగిపోయే రెండు సెకన్లు వింటాను. మంచి జోడీతో ఆ తోక సన్నబడుతూ సన్నబడుతూ నిశ్శబ్దంలో కలిసిపోతుంది, ఎక్కడ ఆగిందో చెప్పలేం. నాయిస్ ఉన్న ప్లేయర్‌తో ఆ సుయ్ దాన్ని మధ్యలోనే మింగేస్తుంది.

ఇంకో విషయం. సౌండ్ శుభ్రంగా ఉన్నకొద్దీ వాల్యూమ్ తెలియకుండా పెంచేస్తాం, ఎందుకంటే ఇక చాలని హెచ్చరించే పగుళ్లు ఇందులో రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) కలిసి ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగం. ప్లేయర్‌లో గరిష్ఠ వాల్యూమ్ పరిమితి, ఆన్ చేసినప్పటి వాల్యూమ్ అనే రెండు సెట్టింగ్స్ ఉంటే ఈ రోజే పెట్టేయండి.

బ్యాటరీ సంగతి ఒక్క మాట. రోజంతా చార్జర్‌కి తగిలించి 100 దగ్గరే ఉంచకండి, వేడి, నిండు చార్జ్ రెండూ కలిస్తే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. టేబుల్ మీద కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించి, దాని పాటలకి డాక్‌లా వాడేవాళ్లు చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. కొన్ని నెలలు పక్కన పెట్టాల్సి వస్తే సగం చార్జ్‌తో ఆఫ్ చేసి, కార్డ్ బయటికి తీసి, దాని నకలు ఇంకో డ్రైవ్‌లో ఉందో లేదో చూసుకున్నాకే డ్రాయర్‌లో పెట్టండి. ప్లేయర్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, వెయ్యి ఆల్బమ్స్‌కి ట్యాగులు మళ్లీ కొట్టాలంటే మాత్రం ఎవరి వల్లా కాదు.